మేత కింద

కొల్లేటి చేపల చెరువు మీద కాపలాకెళ్ళిన నెల్సన్ తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. అతను కంప్యూటర్‌లో పెట్టుకున్న లెక్కల ప్రోగ్రాంలో ఇప్పుడు భార్య జ్యోత్స్న బ్యాంకు జమలు ఎక్కిస్తోంది. ఆ ప్రోగ్రాం నల్లటి తెర మహా మొండిది. డబ్బు దేని కింద వచ్చిందో చెప్పందే పద్దు ఒప్పుకోదు.

చెరువు యజమాని ఆమె ఖాతాలో ఐదువేలు వేశాడు. సాయంత్రం అదే చెరువులో పట్టిన కొర్రమీను కూడా పంపాడు. కూతురితో కలిసి ఆ పులుసన్నం తింటూనే జ్యోత్స్న, ఎడం చేత్తో అతనికి ఫోన్ చేసింది.

"అయ్యగారూ, ఈ ఐదువేలు దేని కింద రాసుకోమంటారండీ? జీతమాండీ, సాయమాండీ?"

అవతల చేపలు నీళ్ళు కొడుతున్న చప్పుడు.

"ఈసారి చేప బాగా బలిసిందమ్మా," అన్నాడు మెల్లగా. "మేత కింద రాసుకోండి."

నోట్లో ముద్ద మెత్తగా, వెచ్చగా ఉంది. జ్యోత్స్న దాన్ని కంచంలోకి ఊసేసింది.

పక్కనుంచి కూతురు తన కంచం ముందుకు జరిపింది.

"ఇంకో ముక్క వెయ్యవా అమ్మా?"