గదుమ మీద మూడు చుక్కలు

“గిది నేను గాదు బిడ్డా. నెత్తి నల్లగుండాలె. మల్ల గియ్యి,” అంది బుచ్చమ్మ.

దేవిక చేతిలో కుంచె ఆగిపోయింది. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషు దొరలు గుర్రాల మీద ఊళ్లు తిరుగుతూ మనుషుల ముఖాలు నీటిరంగుల్లో గీసుకున్నట్టే, ఆమె స్కూటీ మీద సూర్యాపేట నుంచి కృష్ణ ఒడ్డు దాకా గీసుకుంటూ వస్తోంది. మఠంపల్లిలో ఈ ముడతల ముఖం కనబడగానే మనసు పారేసుకుంది. ఇప్పుడా ముడతలే వద్దంటే ఎట్లా?

“అవ్వా, నేను ఉన్నది ఉన్నట్టే గీస్తా. అబద్ధం గీయను.”

బుచ్చమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“నా సోకు కోసం గాదు బిడ్డా. మా ముసలాయనకు మతి తప్పింది. నన్ను గుర్తు పడతలేడు. నా పెండ్లామేదని రెండొద్దుల సంది ఏడుస్తుండు. నా చేతి బువ్వ ముడతలేడు. మా లగ్గంల ఫొటో గూడ దిగలే. అప్పటి నన్ను సూపిస్తే జర నమ్మి తింటడేమో.”

దేవిక ఆ బొమ్మను పక్కన పెట్టింది. కొత్త కాగితం తీసింది. ముసలామె చెబుతుంటే జుట్టు నల్లబడింది, బుగ్గలు నిండాయి, ముక్కుకు పుడక వచ్చింది.

“గదుమ మీద మూడు సుక్కలు మరువకు. లగ్గమైనంక మా అత్త పచ్చబొట్టు పొడిపిచ్చింది. నేను ఏడుస్తుంటే ఆయన పక్కకే కూసున్నడు.”

గడ్డం మీది ఆ చుక్కలు మాత్రం దేవిక ఎదురుగా ఉన్న ముఖంలో చూసే పెట్టింది. అవొక్కటే మారలేదు.

రంగు ఆరగానే ఇద్దరూ ఇంట్లోకి వెళ్లారు. మంచంలో గోడవైపు తిరిగి పడుకున్న బుచ్చమ్మ భర్త బిక్షం కాగితం అందుకున్నాడు. వేలితో చుక్కలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

“దొరికింది! నా బుచ్చి దొరికింది!”

బుచ్చమ్మ గబగబా పప్పన్నం కలిపి తెచ్చింది. బొమ్మను గుండెకు హత్తుకునే ఆయన నోరు తెరిచాడు. ముద్ద వెనుక ముద్ద, గిన్నె ఖాళీ అయింది. దేవికకు ఏడుపు ఆగలేదు. బుచ్చమ్మ నవ్వుతూ కొంగుతో ఆయన మూతి తుడవబోయింది.

బిక్షం ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపాడు.

“ఇన్నొద్దులు మంచిగ సూసుకున్నవ్ అవ్వా, నీ కడుపు సల్లగుండ. నా పెండ్లామొచ్చింది గదా, ఇగ నువ్వు మీ ఇంటికి పో.”