కుప్పలు కదిపే పెద్దాయన

"ఏమయ్యా పెద్దాయనా, ఆగు! పొద్దుట్నుంచీ నడుం విరిగేలా ఆకులు లాగి పోశాను. నువ్వొచ్చి చెదరగొడతావా?"

ఆకులు లాగే దంతె చేత్తో పట్టుకునే మార్లిస్ రోడ్డు మీదికి పరుగెత్తింది.

పెద్దాయన ఆగలేదు. చేతికర్రతో ఆకుల కుప్పను మెల్లగా కదిపి, లోపలికి తొంగిచూశాడు. చెదిరిన ఆకుల్ని మళ్ళీ తనే కాలితో దగ్గరికి తోశాడు.

"ఏం పోగొట్టుకున్నావు ఇందులో?"

"ఏం లేదమ్మా. లోపల ఎవరూ లేరు కదా అని చూస్తున్నాను."

"ఎవరుంటారు? ఉడతలా?"

"పిల్లలమ్మా. ఆడుకుంటూ దాక్కుంటారు. కారు నడిపేవాళ్ళకి కనబడరు."

"మా పిల్ల ఇంట్లో ఉంది. నీ దారిన నువ్వెళ్ళు."

ఆయన పక్కింటి కుప్ప దగ్గరికి వెళ్ళాడు.

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో మా విస్కాన్సిన్ ఊళ్ళో అందరిదీ ఒకటే పని. మేపుల్ చెట్లు రాల్చిన ఆకులన్నీ లాన్ మీంచి లాగి, రోడ్డు వారన నడుమెత్తు పోస్తాం. మున్సిపాలిటీ లారీ వచ్చి పీల్చుకుపోతుంది. అలాగే వదిలేస్తే ఆకుల కింద గడ్డి కుళ్ళిపోతుంది. మంచు కరిగాక చూస్తే లాన్ బోడిగుండే.

మార్లిస్ లాన్ అంటే వీధికంతటికీ అసూయ. చలి ముదరకముందు ఏ ఎరువు చల్లుతుందో పక్కింటివాళ్ళకి కూడా చెప్పదు మహాతల్లి.

ఆ పెద్దాయన పేరు ఆరిన్ హాస్కే. ఆ వేసవిలోనే వీధి చివరింట్లో అద్దెకి దిగాడు. కారు లేదు. ఎంత దూరమైనా నడకే. ఆకులు రాలడం మొదలైన దగ్గర్నుంచీ ఉదయం, సాయంత్రం ప్రతి కుప్పా కదిపి చూడటమే ఆయన పని.

"పాపం, ఆయన బిడ్డ ఇలాగే ఆకుల్లో పోయి ఉంటుందే," అన్నాడు మార్లిస్ భర్త డ్వేన్.

"అయితే నా ఆకుల మీద పడి ఏడవడం దేనికి?"

మర్నాడు గాలికి సగం కుప్ప మళ్ళీ లాన్ మీదికొచ్చింది. గాలిని ఏమీ అనలేక మార్లిస్ పోలీసులకి ఫోన్ చేసింది. వచ్చిన కానిస్టేబుల్ కుర్రాడు మొహమాటపడుతూనే చెప్పాడు.

"ఈవిడ కుప్ప మాత్రం ముట్టుకోకండి పెద్దాయనా."

"సరే బాబూ. ముట్టుకోను."

ఆ శనివారం మార్లిస్ కారులో బజారు నుంచి తిరిగొస్తోంది. ఆకుల్ని తొక్కుకుంటూ తీసుకెళ్ళి కుప్ప మీదే కారు ఆపడం మా వీధిలో అందరికీ అలవాటు. టైర్ల కింద ఆకులు కరకరలాడుతుంటే అదో సరదా.

తీరా చూస్తే తన కుప్పకు అడ్డంగా పెద్దాయన, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు.

హారన్ కొట్టింది. కదల్లేదు.

బ్రేక్ తొక్కి, అద్దం దించింది.

"మళ్ళీ మొదలెట్టావా? పోలీసు చెప్పింది చాల్లేదా?"

"ముట్టుకోలేదమ్మా. మీరే ఒక్కసారి దిగి చూడండి. చూసేసి ఆపుకోండి కారు."

"తప్పుకుంటావా, గుద్దెయ్యమంటావా?"

"గుద్దండి. చూసేదాకా నేను కదలను."

మనిషి నిలువునా వణికిపోతున్నాడు. కాళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి.

మార్లిస్ విసురుగా దిగింది. "చూడు, కళ్ళారా చూడు, ఏముందో!" అంటూ రెండు చేతులా ఆకులు ఎత్తి పోసింది.

లోపల ఎర్ర టోపీ కనిపించింది.

"దొరికిపోయా!" అంటూ మార్లిస్ కూతురు, అయిదేళ్ళ ఇంగా, కిలకిలా నవ్వుతూ లేచి కూచుంది. "అమ్మా, నిన్ను భయపెడదామని దాక్కున్నా!"

ఇంట్లో డ్వేన్ టీవీలో ఫుట్‌బాల్ ఆట పెట్టుకుని సోఫాలో గురకపెడుతున్నాడు.

మార్లిస్ మోకాళ్ళ మీద కూలబడి పిల్లని గుండెకు అదుముకుంది. కాసేపటికి తలెత్తి చూస్తే పెద్దాయన అక్కడ లేడు. రెండిళ్ళ అవతల ఇంకో కుప్ప కదుపుతున్నాడు.

లోపల పిల్ల ఉందని ఆయనకీ తెలియదు. ఉందో లేదో తెలియని బిడ్డ కోసం కారుకు అడ్డం నిలబడ్డాడు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయన గడప తొక్కడానికి మార్లిస్‌కి మొహం చెల్లలేదు. యాపిల్ ముక్కలు కూరి తియ్యటి రొట్టె చేసి, వీధి సగందాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూనే ఉంది. థాంక్స్‌గివింగ్ భోజనానికి పిలుద్దామని చివరికి గట్టిగా అనుకుంది. ఆ పండక్కి ముందువారం, మంచు కురిసిన రాత్రి, ఆయన నిద్రలోనే పోయాడు.

అంత్యక్రియల రోజు చర్చికి వీధి వీధంతా వచ్చింది. ఆయన తరఫున వచ్చింది ముందు బెంచీలో కూర్చున్న ముసలావిడ ఒక్కతే.

ప్రార్థన అయ్యాక మార్లిస్ ఆవిడకి కాఫీ తెచ్చిచ్చి, పక్కన కూచుంది.

"మీరు ఆయన భార్యా అమ్మా?"

"కాదమ్మా."

"తోబుట్టువా?"

"కాదు. సాగనంపకుండా ఉండలేక వచ్చాను."

మార్లిస్‌కి ఏడుపు ఆగలేదు.

"మా పాపని బతికించాడు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆయన బిడ్డ ఇలాగే ఆకుల్లో పోయిందట కదా?"

"ఆయనకి పిల్లల్లేరమ్మా," అంది ఆవిడ, మార్లిస్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని. "బిడ్డ పోయింది నాకు. ఆ రోజు కారు నడిపింది ఆయన."