అర క్షణం తడబాటు

డిసెంబరు లోపు బ్యాక్‌హ్యాండ్ దారికి రాకపోతే గణపతి నాగాయలంక వెళ్లడం ఖాయం.

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. మచిలీపట్నంలోని ఆ జిల్లా ఆఫీసులో బదిలీలు ప్రభాకర్ గారి చేతిలో ఉంటాయి. ప్రభాకర్ గారికి టేబుల్ టెన్నిస్ అంటే ప్రాణం. ఏటా డిసెంబరులో స్టాఫ్ టోర్నమెంటు పెట్టి, ఏటా తానే ఫైనల్‌కి వస్తారు. ఎలా వస్తారని ఎవరూ అడగరు.

రెండేళ్ల క్రితం ఒక గుమాస్తా ఆయన్ని సంతోషపెడదామని సర్వీసులన్నీ నెట్‌కి కొట్టాడు. ఆయన బ్యాటు బల్ల మీద పెట్టేసి, నాతో నటించకండి అన్నారు. ఆ గుమాస్తా ఇప్పుడు కోడూరులో ఉన్నాడు. నిరుడు ఫైనల్ ఆడిన సత్యవేదం అలాంటి తెలివితక్కువ పని చేయలేదు, చెమటలు కక్కుతూ ఆడి గెలిచాడు. వారం తిరక్కుండా అతను నాగాయలంకలో తేలాడు. ఆర్డరులో ‘పరిపాలనా సౌలభ్యం’ అని ఉంది.

గణపతి జూన్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చాడు. వచ్చిన వారానికే, రిక్రియేషన్ రూములో పడున్న బ్యాటొకటి ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అదే కొంప ముంచింది. గుమ్మంలో ప్రభాకర్ గారు నిలబడి ఉన్నారు.

"పెన్‌హోల్డా? ఆడతారా మీరు?"

"ఏదో కొద్దిగా సార్."

"నేనూ పెన్‌హోల్డే. పేరు రాసేస్తున్నాను."

కూతురు అలేఖ్య ఇంటర్ రెండో ఏడాదిలో ఉంది. మార్చిలో పరీక్షలు. ఈ మధ్యలో ఇల్లు కదిపితే పిల్ల చదువు గంగలో కలిసినట్టే. భార్య రత్నం ఒక్కటే మాట చెప్పింది.

"ఆ బల్ల దగ్గర మీరేం చేస్తారో నాకు తెలీదు. మార్చి దాకా మనం బందరులోనే ఉండాలి."

అందుకని ఆదివారం వచ్చిందంటే గణపతి గుడివాడ బస్సెక్కేవాడు. అక్కడ ఒక పాత రైస్ మిల్లు వెనక షెడ్డులో శామ్యూల్ రాజ్ మాస్టారు టేబుల్ టెన్నిస్ నేర్పుతారు. ఆయన దగ్గరికి వచ్చేది పొట్ట తగ్గించుకుందామనుకునే డాక్టర్లు, ఎరువుల షాపుల వాళ్లు. మాస్టారు గణపతి కష్టమంతా విని, కాసేపు నవ్వి, సరేనన్నారు.

పెన్‌హోల్డ్ వాళ్లకి బ్యాక్‌హ్యాండ్ వైపు వచ్చే బంతే గండం. దానికి రెండు మందులున్నాయి. బ్యాటు ముందు వైపు రబ్బరు అడ్డుపెట్టి తోసేయడం ఒకటి. మణికట్టు తిప్పి వెనక రబ్బరుతో కొట్టడం రెండోది. వేగంగా మీదికొచ్చే బంతికి మొదటిది, నెమ్మదిగా దూరంగా పడేదానికి రెండోది. విడివిడిగా రెండూ ఎవరికైనా వస్తాయి. కలిపి వాడబోతేనే తంటా.

"నడుం దగ్గరికొచ్చే బంతి చూడండి," అన్నారు మాస్టారు. "ముందుదా, వెనకదా అని అర క్షణం తడబడతారు. నా దగ్గరికొచ్చేవాళ్లందరి జాతకం ఆ అర క్షణంలోనే ఉందండీ."

గణపతి ఆ ముక్క నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాడు.

ఆ అర క్షణం మీదే నాలుగు నెలలు పనిచేశారు. మాస్టారు వందల బంతులు నడుం దగ్గరికే వేశారు. గణపతి కొట్టిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపారు. చెయ్యి పాత అలవాటు మానడం లేదన్నారు. గణపతికి ఏడుపొక్కటే తక్కువ. నలభై ఆరేళ్ల చేతికి కొత్త బుద్ధి నేర్పడం మాటలా మరి. తిరుగు బస్సులో పెడన దాటేదాకా మణికట్టు తిప్పుకుంటూ కూర్చునేవాడు. కండక్టరు అది నొప్పనుకుని ఏదో తైలం పేరు చెప్పాడు. ఇంట్లో అట్లకాడ పట్టుకుని అదే పని చేస్తుంటే రత్నం వంటింట్లోంచి తరిమేసింది.

నవంబరు ఆఖరి ఆదివారం మాస్టారు మొదటిసారి చప్పట్లు కొట్టారు.

"ఇదీ. ఇక వెళ్లి ఆడండి."

టోర్నమెంటులో మిగతావాళ్లెవరూ ఫైనల్‌కి రావడానికి అంత ఉత్సాహం చూపలేదు. గణపతి వచ్చేశాడు.

ఆఫీసు మొత్తం గోడల వెంబడి నిలబడి చూసింది. చెరో రెండు గేములు అయ్యాయి. గణపతి ముందు రబ్బరుతో ఆపాడు, వెనక రబ్బరుతో కొట్టాడు, పరుగెత్తాడు, ఒకసారి జారి పడ్డాడు కూడా. ఐదో గేములో ప్రభాకర్ గారు పది, గణపతి తొమ్మిది. ఇన్ని ఆదివారాలు ఎందుకోసమో అది ఇప్పుడు తేలిపోతుంది.

బంతి సరిగ్గా నడుం దగ్గరికి వచ్చింది.

బ్యాటు ముందుకీ వెనక్కీ మధ్య ఆగింది. అర క్షణం. బంతి బ్యాటు అంచుకి తగిలి కిటికీ వైపు ఎగిరిపోయింది. గణపతి తల పట్టుకుని కూలబడ్డాడు.

ప్రభాకర్ గారు బ్యాటు బల్ల మీద పెట్టారు. అతని మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత బల్ల చుట్టూ తిరిగొచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"ఎన్నాళ్లకి ఒక మనిషి నాతో నిజంగా ఆడాడండీ. మీరెక్కడికీ వెళ్లరు. నా దగ్గరే ఉంటారు."

ఆ రెండు పద్ధతులూ కలపడం నాలుగు రోజుల్లో వచ్చే విద్య కాదనీ, తాను వీడియోలు చూసి చూసి పట్టుకున్నాననీ, సోమవారం నుంచి రోజూ సాయంత్రం వస్తే నేర్పుతాననీ చెప్పారు. గణపతి చేతులు కట్టుకుని విన్నాడు. రెండు సందేహాలు కూడా అడిగాడు.

ముందు రత్నానికి కబురు చెప్పాడు. ఆ తర్వాత గుడివాడకి ఫోన్ కలిపి, గొంతు తగ్గించి, "మూడుసార్లు స్టేట్ ఛాంపియన్ అయిన నాకు, కొత్తవాళ్లలా తడబడి ఓడిపోవడం మొత్తానికి నేర్పారు మాస్టారూ," అన్నాడు.