పక్క బోర్డు

జెండా వాలింది, అంటే గాలి తగ్గినట్టా, దిక్కు మార్చుకుంటున్నట్టా, తగ్గితే గురి రెండు గీతలు వెనక్కి తిప్పాలి, తిప్పాక మళ్ళీ లేస్తే? ఎందుకింత ఆలోచన, కన్ను అలిసిపోకముందే కాల్చెయ్యాలి. కన్ను. పొద్దున అక్కతో ఫోనులో అలా అనకుండా ఉండాల్సింది. "ఇదే ఆఖరు అక్కా. వచ్చే ఏటికి ఈ కన్ను ఉండదు. టీములోకి వెళ్తే ఈసారే వెళ్ళాలి." పక్కనే తుపాకీ తుడుచుకుంటున్న ముసలాయన విన్నాడేమో కూడా.

గురి చూస్తున్న ఆమెకి కళ్ళద్దాల దుకాణం ఉంది. ఊళ్ళో అందరి కళ్ళూ పరీక్షించేది. తన కుడికన్ను సంగతి మాత్రం అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

బోర్లా పడుకుని తుపాకీకి చెంప ఆనించింది. కిలోమీటరు అవతల బోర్డులు ఎండమావిలో ఊగుతున్నాయి.

ఆఖరి తూటా. నడిమి నల్లచుక్కలో పడితే ఐదు పాయింట్లు. ఐదు వస్తేనే టీములో మిగిలిన ఒక్క చోటు మీద ఆశ.

ఏడు. తన బోర్డు ఏడు. ఊపిరి సగం వదిలి, మీట నొక్కింది.

వెంటనే పక్కన మరో పేలుడు. ఉలిక్కిపడింది.

"ఏంటండీ, తరుముకొచ్చినట్టు నా వెనకే పేల్చారు? గుండె ఆగినంత పనైంది."

"వయసమ్మా," అన్నాడు ముసలాయన. "వేలు మాట వినలేదు."

పొద్దుట్నుంచీ ఆయనతో ఇదే విసుగు. ఒక్కో తూటాకీ గడువు తీరేదాకా పడుకునేవాడు. మధ్యలో దగ్గు. ఇందాక "కన్ను లాగుతోందా అమ్మా?" అని కూడా అడిగాడు. "మీ గురి మీరు చూసుకోండి" అనేసింది.

బోర్డులు కిందికి దిగాయి. ఎనిమిదోది ముందు, దాని వెనకే ఏడోది. కింద కందకంలో ఉన్న మనిషి తూటా చేసిన చిల్లులో ఆ తూటా లావుకి సరిపడే ఎర్రబిళ్ళ గుచ్చి మళ్ళీ పైకి లేపుతాడు. ఇంత దూరానికి కనబడేది ఆ బిళ్ళే.

ఏడో బోర్డు లేచింది. బిళ్ళ నట్టనడుమ ఉంది. ఐదు.

ముసలాయనది ఎనిమిదో బోర్డు. బిళ్ళ అంచున వేలాడుతోంది. రెండు.

ఆమెకి నవ్వాగలేదు.

"పెద్దాయనా, ఇంట్లో మనవలతో గోళీలాడుకోక మీకెందుకొచ్చిన తిప్పలు?"

"అందులోనూ వాళ్ళే గెలుస్తున్నారమ్మా."

చాప చుట్టి, తుపాకీ భుజాన వేసుకుని, దగ్గుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు.

పోటీల అధికారి ఆమెని గదిలోకి పిలిచి, టీము బ్యాడ్జి కోటుకి తనే గుచ్చాడు. అక్కకి ఫోను చేసింది. "నీ కన్ను బంగారం గానూ" అంటూ అక్క ఏడ్చింది.

అప్పుడొచ్చాడు కందకం మనిషి. బిళ్ళల డబ్బా బల్ల మీద పడేశాడు.

"పొద్దుట్నుంచీ బాగానే ఉన్నాయి సార్, ఆఖరి తూటాకేమొచ్చిందో. ఏడులో బిళ్ళ నిలవదు, చిల్లు వదులు. కాగితం మడిచి దోపాను. ఎనిమిదిలో అసలు దూరదు. గుద్ది ఎక్కించాను."

"ఎండకి తల తిరిగి బిళ్ళలు మార్చేసుంటావ్," అన్నాడు అధికారి.

"నా తల బాగానే ఉంది సార్. చిల్లులే మారాయి."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

ఆమె తూటా సన్నం. ముసలాయనది పాతకాలపు తుపాకీ, తూటా లావు.

లావు చిల్లు ఏడో బోర్డు మీద. సన్న చిల్లు ఎనిమిదో దాని మీద.

తను ఏడనుకున్నది ఎనిమిది. ఎనిమిదో బోర్డు వెనక ఇసుక లేవడం ముసలాయన చూసి ఉంటాడు. "నేనింకా కాల్చలేదు" అని చెయ్యెత్తితే సరిపోయేది. ఆమెకి సున్నా, ఆయన తూటా ఆయనకి మిగిలేది. ఎత్తలేదు. గడువంతా పడుకునే మనిషి ఒక్క ఊపిరిలో తుపాకీ పక్కకి తిప్పి, ఆ గాలిలో, ఆమె బోర్డుకి నట్టనడుమ కొట్టాడు.

కాదేమో. ఆయనా బోర్డు పొరబడ్డాడేమో. మనసు ఆ సందులోంచి బయటపడాలని చూసింది.

"నా పక్కన కాల్చిన పెద్దాయన..." అధికారి వైపు తిరిగింది. "ఆయనెలాగూ లెక్కలో లేడు కదండీ?"

"లేకపోవడమేంటి మేడమ్? ఆఖరి తూటా దాకా మీకంటే ముందున్నాడు. మూడొచ్చినా ఆ చోటు ఆయనదే. పాపం, రెండొచ్చింది."

ఆమె కోటు మీది బ్యాడ్జి విప్పి బల్ల మీద పెట్టి, "ఆ రెండు నాదండీ, ఐదు ఆయనది," అంది.