లోపల ఒక్కరు

కోల్డ్ స్టోరేజీ యజమాని రాత్రి తాళం వేసే ముందు ఒకే లెక్క చూస్తాడు: లోపల ఎంతమంది? సున్నా వస్తేనే తాళం. లోపలికెళ్ళేవాళ్ళు తలుపు బయటి యంత్రం మీద, బయటికొచ్చేవాళ్ళు లోపలి యంత్రం మీద కార్డు గీకాలి. ఆ నమోదుల నుంచి లెక్క తీసే క్వెరీ, అంటే కంప్యూటరుకిచ్చే ప్రశ్న, చాంతాడంత. బావమరిది దాన్ని ముక్కలుగా రాసి ఒక ప్రోగ్రాములో అతికించాడు. నడవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

ఆ రాత్రి ఒకటి వచ్చింది. యజమాని కార్డు గీకి లోపలికెళ్ళాడు. గదంతా గాలించి, మళ్ళీ గీకి బయటికొచ్చాడు. ఎవరూ లేరు. చలువ నష్టమే మిగిలింది. మళ్ళీ నడిపితే మళ్ళీ ఒకటే.

"నీ అతుకులబొంత తగలెయ్య! లేని మనిషిని లెక్కపెడుతోందిరా!" అని ఫోనులో విరుచుకుపడ్డాడు.

"అతుకు తప్పితే అసలు నడవనే నడవదు బావా. ఎవడో బయటికొస్తూ గీకలేదంతే. పేరు చూడు."

పేరుండాల్సిన గడి ఖాళీగా ఉంది. యజమానికి ఒళ్ళు మండిపోయింది. ఇనుప తలుపును కాలితో తన్నాడు.

"ఎవడ్రా అది? మర్యాదగా బయటికి రా!"

తలుపుకు అవతల, లోపలివైపు యంత్రం మీద కార్డు గీకిన కూత వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

మూడోసారి నడిపాడు. ఐదు నిమిషాలూ కదలకుండా నిలబడ్డాడు. సున్నా వచ్చింది.

"ఎంతొచ్చింది బావా?"

"సున్నా."

"ఇంకేం మరి! అందరూ బయటికొచ్చేసినట్టే."