నిమ్మచిగుళ్ళ కాపలా

పెరటి తాళంచెవి చేతిలో పెట్టి, దాలమ్మ ఎదురింటి అప్పలనరసమ్మను నిమ్మచెట్టు దగ్గరికి లాక్కెళ్ళింది.

“నెల్లాళ్ళు మేం ఇజీనారంలో ఉంటాం. ఈ సెట్టుని నీకే ఒప్పజెప్తన్నానే అప్పల్నర్సా. రోజూ సిగుళ్ళు సూడాల. ఇదిగో, ఇలాగ.”

లేత ఆకు ఒకదాన్ని ఎండకెత్తి పట్టుకుంది. ఆకు మీద వెండిగీత మెలికలు తిరిగి ఉంది. గీత చివర, ఆకు పొరల మధ్య, పసుపచ్చటి పురుగు కదులుతోంది. దాలమ్మ బొటనవేలితో నొక్కింది.

“అంతే, బస్. ఒగ్గీసినావంటే రెక్కలొచ్చి సెట్టంతా గుడ్లెట్టీస్తాది.”

“అలాగేలే అప్పా,” అంది అప్పలనరసమ్మ. లోపల కుతకుతలాడిపోయింది. పోతూ పోతూ కూడా చెట్టు గొప్ప చూపించుకోవాలా ఈవిడ?

పన్నెండేళ్ళ మంట అది. రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో ఇద్దరివీ ఎదురెదురు క్వార్టర్లు. దాలమ్మది వరస చివరిది గనక పక్కన పెరడు దక్కింది. అందులో నిమ్మచెట్టు విరగకాసేది. అప్పలనరసమ్మకు దక్కింది సిమెంటు వసారా, నూనెడబ్బాలో గిడసబారిన నిమ్మమొక్క. దాని ఆకులన్నీ వెండిగీతలే, ముడతలే. కాయలు కావాలంటే గిన్నె పట్టుకుని దాలమ్మ గుమ్మంలో నిలబడాలి. దాలమ్మ ఎప్పుడూ అడిగినదానికి రెండెక్కువే ఇచ్చేది. ఆ రెండే అప్పలనరసమ్మకు నిద్రపట్టనిచ్చేవి కావు.

ఇప్పుడు దాలమ్మ మొగుడు సత్తిరాజు రిటైరవుతున్నాడు. సొంతూరు విజయనగరంలో ఇల్లు సర్దుకొచ్చి, దసరా నాటికి క్వార్టరు ఖాళీ చేస్తారు.

“మీ తరవాత ఇందులోకి ఎవులొస్తారప్పా?”

దాలమ్మ నవ్వింది. “ఎవులైతేనేటి? సెట్టుని పేనంలా సూసుకునేవోలే వస్తార్లే.”

ఇంకెవరు, ఆరో నంబరు క్వార్టరు సుభద్రే. ఈమధ్య రోజూ దాలమ్మ ఇంట్లోనే టీ తాగుతోంది. సుభద్ర మొగుడు చార్జిమేన్, ఆఫీసులో మాట చెల్లే మనిషి. తన మొగుడు సూరిబాబూ ఉన్నాడు, ఫిట్టరు. “ఆ క్వార్టరు మనకి అడగరాదా,” అని ఎన్నిసార్లు పోరినా, “సూద్దాంలే,” అని సైకిలెక్కి పోయేవాడు.

మొదటి వారం అప్పలనరసమ్మ బుద్ధిగానే నీళ్ళు పోసింది. చిగుళ్ళూ చూసింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం సుభద్ర వచ్చి కంచె పట్టుకుని నిలబడింది.

“కాయలు భలేగున్నాయొదినా. సూస్తేనే దిల్ ఖుష్.”

అప్పుడే కాయలు లెక్కపెట్టుకుంటోంది! అప్పలనరసమ్మ ఒళ్ళు భగ్గుమంది. సుభద్ర మలుపు తిరగగానే వసారాలోని నూనెడబ్బాను, పురుగుపట్టిన మొక్కతో సహా చంకనెత్తుకొచ్చి, చెట్టు కింద పెట్టేసింది. ఎవరైనా అడిగితే, రెండింటికీ ఒకేచోట నీళ్ళు పోద్దామని తెచ్చానంటే సరి. ఆ రోజు నుంచి చిగుళ్ళ జోలికి పోలేదు.

అసలే వానాకాలం, చెట్టు నిండా కొత్త చిగురు. ముందు ఒక ఆకు మీద గీత కనిపించింది. తరవాత పది ఆకుల మీద. ఒకనాడు కళ్ళముందే పురుగు కదులుతుంటే బొటనవేలు దానంతటదే లేచింది. కాయలు లెక్కపెట్టిన సుభద్ర గుర్తొచ్చింది. వేలు వెనక్కి తీసుకుంది.

నెల తిరిగేసరికి కొమ్మ కదిపితే దోమలంతేసి వెండిరెక్కల పురుగులు లేచేవి. చిగురంతా కాల్చిన అప్పడాల్లా ముడుచుకుపోయింది. పూత ఊసే లేదు. తినవే సుభద్రా, ఈ ఆకులతో పచ్చడి పెట్టుకు తిను, అనుకుంది. ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

దాలమ్మ ఊరినుంచి వస్తూనే పెరట్లోకి నడిచింది. ఒక ఆకు ఎండకెత్తి చూసింది. ఇంకొకటి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఎవులి కళ్ళు పడిపోనాయో,” అంది చివరికి.

“రోజూ సూస్తానే ఉన్నానప్పా.”

“నిన్ననడం లేదే. నీ మీదే నా దిగులంతా.”

ఆ మాట అప్పలనరసమ్మకు అర్థం కాలేదు. అడిగేలోగా పెరటి వాకిలి దగ్గర సైకిలు బెల్లు మోగింది. సూరిబాబు. ఒక చేతిలో పేడా మిఠాయిల పొట్లం, ఇంకో చేతిలో ఆఫీసు ముద్ర ఉన్న కాగితం. పెళ్ళయ్యాక అంత నవ్వు మొగుడి మొహంలో ఎప్పుడూ చూడలేదామె.

నిలబడి ముందు చెట్టు కిందున్న నూనెడబ్బాను చూశాడు, తరవాత పెళ్ళాన్ని చూశాడు.

“ఆర్డరు సేతికొచ్చేదాకా ఎవులి కళ్ళూ పడకూడదని నానూ దాలమ్మప్పా నీక్కూడా సెప్పకుండా దాసినాం గదే, మరి ఈ క్వార్టరు మనకే వస్తాదని తెలిసినట్టు నీ డబ్బా ముందే తెచ్చి ఈ సెట్టుకిందెట్టీసినావేటే?”