నలభై ఒకటో చుట్టం

టీచరమ్మ ప్రతి సోమవారం వస్తుంది. గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో పేరు, కారు నంబరు, వచ్చిన పని రాస్తుంది. పని అన్న గడిలో ఎప్పుడూ ఒకటే మాట: ‘నాన్న’.

ఆమెను చూస్తే చాలు, కంట్రోల్ రూములో ఆపరేటరు కంప్యూటరు తెర వైపు తిరిగిపోతాడు.

ఆ రోడ్డు పొడవునా తారు కింద రాగి తీగ చుట్టలున్నాయి. కరెంటు కారు పైనుంచి వెళ్తుండగానే దానికి చార్జి ఎక్కిస్తాయి. పెట్టడమే తప్ప తినడం ఎరగని చుట్టాలు లోకంలో ఇవేనని ఆఫీసులో హాస్యం. అలా అందరి నోటా చుట్ట కాస్తా చుట్టమైంది. ఏ చుట్టం ఎవరి కారుకు ఎన్నింటికి పెట్టిందో కంప్యూటరులో నమోదవుతుంది.

మూడు నెలల కిందట వాన కురుస్తున్న ఒక సాయంత్రం, నలభై ఒకటో చుట్టం మీద ఆమె తండ్రి శవమై దొరికాడు. జారిపడ్డాడనీ, లేచేలోగా చక్రం ఎక్కేసిందనీ డాక్టరు చెప్పాడు. ఆరింటికి ఆయన గుమ్మం దాటడం పక్కింటావిడ చూసింది. ఆరున్నరకు ఒక బస్సు డ్రైవరు శవాన్ని చూశాడు. ఈ మధ్యలో వెళ్లిన కారేదో ఇక చుట్టమే చెప్పాలి.

“అది అప్పటికే చెడిపోయి ఉందమ్మా,” అని ఆపరేటరు పోలీసులకు చెప్పిందే ఆమెకూ చెప్పాడు.

పచ్చి అబద్ధం. శవం దొరికిన మర్నాడు అందరికంటే ముందే ఆఫీసుకొచ్చి, కంప్యూటరులో ఆ అరగంటకు నమోదైన ఒక్క వరుసా తుడిచేసింది తనే.

ఆమె మొదటి అర్జీలో రెండు సంగతులున్నాయి. ఒకటి, అక్కడ చుట్టం మీది మూత లేచి కార్లు ఎగిరిపడుతున్నాయి, నాన్న దాన్ని తట్టుకునే పడి ఉంటాడు. రెండు, ఆ కారెవరిది? మొదటిదాని కోసం అతను స్వయంగా వెళ్లి చూశాడు. మూత నేలకు అంటుకుని చదునుగా ఉంది. రెండోదానికి మాత్రం ఆ పాత మాటే చెప్పాడు.

ఈ సోమవారం ఆమె కుర్చీలో కూలబడింది.

“ఆ రోజు బడిలో మీటింగు. ఆలస్యమైంది. నేను తడుస్తానని గొడుగు పట్టుకుని రోడ్డు మీదికొచ్చాడండీ, పిచ్చి నాన్న! కారులో వచ్చేదాన్ని, నాకు గొడుగెందుకు చెప్పండి?”

అతను తల దించుకున్నాడు.

“చక్రం కింద మనిషి పడితే తెలీదా? వాడూ ఒక మనిషేనా? సర్వనాశనమైపోవాలి వాడు!”

“అలా తిట్టకండమ్మా. తెలీక జరిగిందేమో.”

ఆమె చురుక్కున చూసింది. “నీకెందుకయ్యా అంత నొప్పి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?”

అప్పుడే పెద్ద ఆఫీసరు ఒక కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

“ఆ చుట్టం నిక్షేపంలా ఉందట. వరుస తుడిచింది నువ్వేనట. నిజమేనా?”

“నేనే సార్.”

“ఆ కారు నీదా?”

అతను కంప్యూటరు ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

“పోనీ, మీవాళ్లదా? ఇరవై రెండేళ్ల సర్వీసు, పెళ్లాం పిల్లలు గలవాడివి. ఇప్పుడన్నా చెప్పు. లేదంటే ఉద్యోగం పోతుంది, జైలుకీ పోతావు.”

నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాడు. టీచరమ్మ లేచి అతని చెంప ఛెళ్లుమనిపించింది. అతను కదల్లేదు. ఆమె భోరుమని ఏడ్చింది. మూడు నెలల్లో ఆమె కంట తడి చూడడం అతనికదే మొదటిసారి. తిట్టుకోవడానికి ఒక మనిషంటూ దొరికాడు, ఇక ఎలాగోలా బతికేస్తుంది అనుకున్నాడు.

పోలీసులు తీసుకెళ్తుంటే గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, తెరిచి ఉన్న సందర్శకుల పుస్తకం వంక చూశాడు.

ఆ అరగంటలో నలభై ఒకటో చుట్టం పైనుంచి వెళ్లిన ఒకే ఒక్క కారు నంబరు, ఆ పుస్తకంలో ప్రతి సోమవారం కిందా ఉంది, టీచరమ్మ చేతిరాతలో.